వలస బిడ్డ ఆట ఎవరి బాకీ?

జర్మనీలో తక్కువ ఆదాయపు కుటుంబంలో పెరిగే పిల్లవాడు ఊళ్లోని ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాలనుకుంటే ప్రభుత్వం నెలకు 15 యూరోలు ఇస్తుంది. తల్లిదండ్రుల వెంట సిరియా నుంచో అఫ్గానిస్తాన్ నుంచో వచ్చి, శరణు దరఖాస్తు ఇంకా తేలని పిల్లవాడికి కూడా ఆ హక్కు ఉంది. 2011లో ఈ సాయం మొదలైనప్పుడు 10 యూరోలు. 2019 ఆగస్టులో 15 అయింది. క్లబ్బు రుసుముకైనా, వయొలిన్ పాఠాలకైనా, సెలవుల శిబిరానికైనా అంతే.

మొత్తం చిన్నదే. దాని వెనకున్న ప్రశ్న మాత్రం వేదాంతులూ ధర్మశాస్త్రకారులూ తరతరాలుగా తర్కించింది. పరాయి దేశపు బిడ్డ ఆడుకోవడానికి ఇచ్చే ఆ డబ్బు దానమా, పెట్టుబడా, బాకీయా? దానమైతే పుచ్చుకున్నవాడు కృతజ్ఞుడై ఉండాలి. పెట్టుబడి అయితే ఏదో ఒకనాడు లాభం చూపాలి. బాకీ అయితే ఇచ్చినవాడు గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, పుచ్చుకున్నవాడు తల వంచుకోవాల్సిన పనీ ఉండదు. ఈ మూడింటిలో దేన్ని నమ్ముతామో దాన్ని బట్టి దరఖాస్తు ఫారం మారుతుంది, కోచ్ చూపు మారుతుంది, పిల్లవాడు మైదానంలోకి అడుగుపెట్టే తీరు కూడా మారుతుంది.

చట్టం ఏమంటుందో ముందు చూడాలి. కార్ల్స్‌రూహ్‌లోని జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 2010 ఫిబ్రవరి 9న ఒక తీర్పు చెప్పింది. బతకడానికి కావలసిన కనీసం తిండితో, బట్టతో, చలికాలపు వెచ్చదనంతో అయిపోదు. నలుగురిలో కలిసి సామాజిక, సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకునే కనీస అవకాశం కూడా అందులో భాగమే. ఆ హక్కు మానవ గౌరవం నుంచే పుడుతుంది. ఇదీ తీర్పు సారాంశం. పిల్లల అవసరాలను పెద్దల భత్యంలో ఇంత శాతం అని కోసి లెక్కగట్టడాన్ని న్యాయమూర్తులు తప్పుపట్టారు. మరుసటి ఏడాది వచ్చిన 10 యూరోల సాయం ఆ తీర్పు ఫలమే. రెండేళ్ల తర్వాత, 2012 జూలై 18న, అదే న్యాయస్థానం శరణార్థుల సంగతి చేపట్టింది. 1993లో నిర్ణయించిన వాళ్ల భత్యం దాదాపు ఇరవై ఏళ్లు ఒక్క సెంటు పెరగలేదు. తక్కువ ఇస్తే తక్కువమంది వస్తారన్నది ఆ మొండితనం వెనకున్న ఆలోచన. వలసలు తగ్గించడం కోసం మనిషి గౌరవాన్ని తగ్గించే వీలు లేదని న్యాయస్థానం తేల్చి చెప్పింది.

అంటే రాజ్యాంగం దృష్టిలో ఇది బాకీ. ఆచరణలో మాత్రం పెట్టుబడి భాషే ఎక్కువగా వినిపిస్తుంది.

1989లో జర్మనీ క్రీడా సమాఖ్య ప్రభుత్వ నిధులతో ఒక కార్యక్రమం ప్రారంభించింది. సోవియట్ యూనియన్, పోలండ్, రొమేనియాల నుంచి జర్మన్ వంశస్థులు లక్షల్లో తిరిగివస్తున్న రోజులవి. వాళ్లను ఊరి క్లబ్బుల్లోకి తీసుకురావడం దాని పని. 2001 ప్రాంతంలో వలసవచ్చిన అందరికీ దాన్ని విస్తరించి ‘ఇంటిగ్రేషన్ దుర్ష్ స్పోర్ట్’ (ఆట ద్వారా కలిసిపోవడం) అన్నారు. 2015లో సుమారు 8,90,000 మంది శరణు కోరి వచ్చాక కేంద్ర హోంశాఖ దాని నిధులను పెంచింది. ఏటా కోటి యూరోలు దాటింది. ఆ డబ్బు క్లబ్బులకు వెళుతుంది. కోచ్‌లకు శిక్షణ, బంతులు, బూట్లు, శిబిరాల్లో ఉండే పిల్లలకు ఆటల తరగతులు దానితోనే నడుస్తాయి. దేశంలో సుమారు 86,000 క్రీడా క్లబ్బులున్నాయి. జీతం లేని స్వచ్ఛంద సేవకుల మీద నడిచే ఆ క్లబ్బులు లేకపోతే ఈ పథకమే లేదు. సాయంత్రం ఉద్యోగం ముగించుకుని వచ్చి, చలిలో నిలబడి, భాష రాని పిల్లలకు పాస్ ఇవ్వడం నేర్పిన వేలమంది మనుషులకు చేతులెత్తి మొక్కాల్సిందే.

కానీ ఆ నిధులను సమర్థించేటప్పుడు ప్రభుత్వాలు చెప్పే కారణాలు చూడండి. భాష త్వరగా వస్తుంది. గొడవలు తగ్గుతాయి. కుర్రాళ్లు చెడు సావాసాల్లో పడరు. సమాజంలో కలిసిపోతారు. ఆరోగ్య ఖర్చు తగ్గుతుంది. ఒక్కొక్కటీ మంచిదే. అయితే బేకరీ యజమాని కూతురిని అదే క్లబ్బులో చేర్చుకునేటప్పుడు ఇలాంటి కారణం ఒక్కటైనా ఎవరూ అడగరు. ఆ పిల్ల ఆడాలనుకుంది, చేరింది. శరణార్థి పిల్లవాడి ఆట మాత్రం ఏదో ఒక పనికొచ్చేదై ఉండాలి.

ఆట చేత దేశం పని చేయించడం జర్మనీకి కొత్త కాదు. 1811లో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ బెర్లిన్ శివార్లలోని హాజెన్‌హైడెలో తొలి వ్యాయామ మైదానం తెరిచాడు. నెపోలియన్ సేనలను తరిమే యువకులను తయారుచేయడం అతని లక్ష్యం. ఆ ఉద్యమం ఎందరికో దేహబలం ఇచ్చింది. ఎవరు జర్మన్, ఎవరు కాదు అన్న గీత కూడా గీసింది. ఫ్రెంచివాళ్లూ యూదులూ ఆ గీతకు అవతల పడ్డారు. ఆటకు బయటి ప్రయోజనం అంటగడితే, ఆ ప్రయోజనానికి పనికిరాని మనిషి ఆటకూ పనికిరాడన్న మాట వెనకాలే వస్తుంది.

పెట్టుబడికి లాభం అడగడం ఎంత దూరం వెళుతుందో ఫుట్‌బాల్ ఆటగాడు మెసుట్ ఓజిల్ కథ చెబుతుంది. 1961 అక్టోబరులో జర్మనీ, టర్కీల మధ్య కార్మికుల ఒప్పందం కుదిరాక వచ్చిన లక్షల కుటుంబాల్లో అతనిదీ ఒకటి. 1988లో గెల్జెన్‌కిర్షెన్‌లో పుట్టాడు. బొగ్గు గనుల పట్టణం. ఇనుప కంచె చుట్టిన చిన్న మైదానంలో ఆట నేర్చాడు. 2010లో అతనికి ‘బాంబి’ పురస్కారం ఇచ్చారు, సమాజంలో చక్కగా కలిసిపోయినందుకు. అక్కడే పుట్టి పెరిగినవాడికి కలిసిపోయినందుకు బహుమతి! 2014లో ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. 2018 మేలో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్‌తో ఫొటో దిగాడు. ఆ ఫొటోను తప్పుపట్టడానికి బలమైన కారణాలున్నాయి. పత్రికా రచయితలను జైళ్లలో పెట్టిన నాయకుడి ఎన్నికల ప్రచారవేళ అది. కానీ రష్యాలో జరిగిన ప్రపంచకప్పులో జట్టు తొలి దశలోనే ఓడిపోయాక విమర్శ రాజకీయాలను దాటి అతని విధేయత మీదికి, పుట్టుక మీదికి మళ్లింది. జూలై 22న అతను జాతీయ జట్టునుంచి తప్పుకున్నాడు. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసవాడిని అన్నది అతని ఆవేదన సారం. 2014 జట్టులో అతనితో ఆడిన మిరోస్లావ్ క్లోజె ఎనిమిదేళ్ల వయసులో పోలండ్ నుంచి వచ్చినవాడు. లుకాస్ పొదోల్స్కి కూడా పోలండ్‌లో పుట్టినవాడే. వాళ్ల కృతజ్ఞతను ఎవరూ ఇలా తూకం వేయలేదు.

భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విడదీస్తుంది. తిరిగి మేలు చేయలేనివాడికి, ఇవ్వడం తన విధి అనుకుని, తగిన చోట, తగిన వేళ, తగిన వ్యక్తికి ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించో, ఫలం కోరో, మనసులో బాధపడుతూనో ఇచ్చేది రాజసం. మర్యాద లేకుండా, చులకన చేస్తూ ఇచ్చేది తామసం. కురుక్షేత్రంలో చెప్పిన ఈ కొలతతో బెర్లిన్ బడ్జెట్‌ను కొలవడం వింతగా అనిపించవచ్చు. కానీ ఇచ్చేవాడి మనసును ఇంత సూటిగా చూసే కొలత మరొకటి సులువుగా దొరకదు. ‘కలిసిపోతారు కాబట్టి ఇస్తున్నాం’ అనే సాయం రాజసం. కలిసిపోలేదని తేలిన రోజున ఆగిపోయే ప్రమాదం దానిలోనే ఉంది.

ఆటకు బయట ప్రయోజనం ఉండి తీరాలా అన్న చర్చ కూడా మనవాళ్లు ఎంతో ముందే చేశారు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ప్రతిపక్షి ఒక గట్టి ప్రశ్న వేస్తాడు. ప్రయోజనం లేనిదే ఎవరూ ఏ పనీ చేయరు. పరబ్రహ్మకు తీరని కోరికంటూ లేదు. మరి సృష్టి ఎందుకు చేసినట్టు? సూత్రకర్త బాదరాయణుడి జవాబు: లోకంలో చూస్తున్నట్టుగానే అది కేవలం లీల. శంకరుడు భాష్యంలో అన్ని కోరికలూ తీరిన రాజు విహారాన్ని చూపిస్తాడు, అప్రయత్నంగా వచ్చిపోయే ఊపిరిని చూపిస్తాడు. జగత్తు పుట్టడానికే ప్రయోజనం అక్కర్లేదని ఒప్పుకున్న సంప్రదాయంలో పెరిగినవాళ్లు, పదేళ్ల పిల్లవాడు బంతి తన్నడానికి కారణం చెప్పమని అడగడం ఎంతవరకు న్యాయం? 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణలో ఆటను హక్కుగా రాసినప్పుడు, దానికి భాషా ప్రావీణ్యాన్నో సత్ప్రవర్తననో షరతుగా పెట్టలేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని పక్కకు నెట్టలేం. ప్రభుత్వం రాజూ కాదు, పరబ్రహ్మా కాదు. అది ఖర్చుపెట్టేది పన్ను కట్టినవాళ్ల సొమ్ము. ఆ సొమ్ముతో ఏం సాధించారని అడిగే హక్కు పౌరులకు ఉంది. ఫలితం అడగని దానం బద్ధకానికీ అవినీతికీ దారితీస్తుంది. నిజమే. గీత కూడా చోటు, వేళ, పాత్రత చూడమంటుంది. అయితే చూడాల్సింది డబ్బు చేరాల్సిన పిల్లవాడికి చేరిందా, క్లబ్బు తలుపు నిజంగా తెరుచుకుందా, ఆడపిల్లలకు మైదానం దొరికిందా, మూడు నెలల తర్వాత కూడా పిల్లలు వస్తున్నారా అని. ఇది ఇచ్చేవాడి పనిని పరీక్షించడం. పిల్లవాడు ఎంత జర్మన్ అయ్యాడన్నది పుచ్చుకున్నవాడిని పరీక్షించడం. మొదటి పరీక్ష ఎంత కఠినంగా ఉంటే అంత మంచిది.

ఆ మొదటి పరీక్షలో 15 యూరోల పథకం ఇప్పటిదాకా నెగ్గలేదు. అర్హులైన పిల్లల్లో ఐదింట ఒక వంతు కూడా ఈ 15 యూరోలను వాడుకోవడం లేదని జర్మనీలోని సంక్షేమ సంస్థల సమాఖ్య ఒకటి ఏళ్ల తరబడి చెబుతోంది. కారణాలు పెద్ద రహస్యం కాదు. ఫారాలు ఎక్కువ, ఊరికో పద్ధతి, భాష తెలియదు. అన్నిటికంటే బరువైనది సిగ్గు. క్లబ్బు కార్యాలయంలో ‘మేం పేదవాళ్లం’ అన్న కాగితం ఇవ్వాలి, కోచ్‌కు తెలుస్తుంది, తోటి పిల్లలకు తెలుస్తుందేమోనని భయం. పదమూడేళ్ల వయసులో ఆ భయం 15 యూరోల కంటే పెద్దది. బూట్లు, జెర్సీ, ఆటకు వెళ్లే ప్రయాణ ఖర్చు వేరే.

సిగ్గు విషయంలో తైత్తిరీయోపనిషత్తు తీర్పు స్పష్టం. శిక్షావల్లి చివర గురువు శిష్యుడిని ఇంటికి పంపుతూ, శ్రద్ధతో ఇవ్వమని, సిగ్గుపడుతూ, భయపడుతూ ఇవ్వమని చెబుతాడు. సిగ్గుపడాల్సింది ఇచ్చేవాడు. ఇంకా ఎక్కువ ఇవ్వలేకపోతున్నందుకు, ఇచ్చానన్న గర్వం తలకెక్కుతుందేమోనన్నందుకు. పన్నెండో శతాబ్దపు యూదు తాత్త్వికుడు మైమోనిడిస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. ఇచ్చిందెవరో పుచ్చుకున్నవాడికీ, పుచ్చుకుందెవరో ఇచ్చినవాడికీ తెలియనిది పైనుంచి రెండో మెట్టు. ఖురాన్ జకాత్‌కు, అంటే విధిగా ఇవ్వాల్సిన దానానికి, అర్హులుగా చెప్పిన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒకడు. దారిన పోయే పరాయివాడికి ధనికుడి సొమ్ములో వాటా రాసిపెట్టి ఉంది. మూడు మతాలూ వేర్వేరు దారుల్లో ఒక్క చోటికే వస్తున్నాయి: పుచ్చుకునేవాడి తల వంగకూడదు. హాంబుర్గ్‌లో ‘కిడ్స్ ఇన్ డీ క్లబ్స్’ అనే కార్యక్రమం పేద పిల్లల రుసుమును నగర నిధుల నుంచి క్లబ్బులకే చేరుస్తుంది. మైమోనిడిస్ మెట్టుకు దగ్గరగా వచ్చే ఏర్పాటు ఇదే. ప్రతి నగరంలోనూ ఇలాంటిది ఎందుకు లేదని అడగాలి.

ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. వలస కుటుంబాల ఆడపిల్లలు క్లబ్బుల్లో మగపిల్లల కంటే బాగా తక్కువ. కొంత ఇంటి కట్టుబాటు, కొంత క్లబ్బుల మొండితనం. 2011 జూన్‌లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత పోటీకి వచ్చిన ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టును తలపై వస్త్రం ఉందని ఆడనివ్వలేదు. 2014లో గానీ ఆ నియమం పూర్తిగా మారలేదు. ఇంకో వైపు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉండే టర్కిష్ మూలాల దంపతులు తమ కూతుళ్లను మగపిల్లలతో కలిసి ఈత నేర్చుకోవడానికి పంపం అన్నారు. 1,400 స్విస్ ఫ్రాంకుల జరిమానా పడింది. 2017 జనవరి 10న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ జరిమానాను సమర్థించింది. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు వేసుకోవచ్చని బడి ముందే ఒప్పుకుంది కాబట్టి, పిల్లలకు అందరితో కలిసి నేర్చుకునే మేలే ముఖ్యమంది. సరైన తీర్పే. బడి ఒక మెట్టు దిగింది, ఇల్లు కూడా ఒక మెట్టు దిగాలి.

కట్టుబాటు మారుతుందనడానికి ఉదాహరణగా ఫాత్మిరె బయ్‌రామయ్ ఉంది. కొసావోలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో జర్మనీకి పారిపోయి వచ్చిన అల్బేనియన్ ముస్లిం బాలిక. తండ్రికి తెలియకుండా ఫుట్‌బాల్ ఆడింది. తెలిశాక ఆయనే ఆమెకు అండగా నిలిచాడు. 2007లో ప్రపంచకప్పు గెలిచిన జర్మన్ మహిళల జట్టులో ఆమె ఉంది. ఓల్డెన్‌బుర్గ్‌లో మొదలై ఇతర నగరాలకు పాకిన బడి ఆధారిత బాలికల ఫుట్‌బాల్ పథకం ఒక కిటుకు పట్టుకుంది: తెలియని క్లబ్బుకు పంపని తల్లిదండ్రులు, తెలిసిన బళ్లో ఆడుకోవడానికి ఒప్పుకుంటారు. అయితే ఇలాంటి విజేతలను చూపించి నిధులు అడగడం ప్రమాదం. ఏనాడూ కప్పు గెలవని, రిజర్వు బెంచీ మీదే కూర్చునే పిల్లకు కూడా ఆ 15 యూరోలు అంతే చెందుతాయి.

మరో వాదం ఉంది. టర్కీవాళ్లు టర్కీవాళ్ల క్లబ్బులో, యూదులు యూదుల క్లబ్బులో ఆడుకుంటే కలిసిపోవడం ఎలా? అలాంటి క్లబ్బులకు సొమ్ము ఎందుకివ్వాలి? ఈ ప్రశ్న అడిగేవాళ్లు చరిత్ర ఒకసారి తిరగేయాలి. 1898లో బాసెల్‌లో యూదు జాతీయవాద నాయకుడు మాక్స్ నోర్డౌ యూదులకు దేహబలం కావాలని పిలుపునిచ్చాడు. ఆ ఏడాదే బెర్లిన్‌లో ‘బార్ కొఖ్బా’ వ్యాయామ సంఘం పుట్టింది. 1933లో జర్మన్ క్లబ్బులు తమ యూదు సభ్యులను వెళ్లగొట్టినప్పుడు, వాళ్లకు మిగిలిన మైదానం అలాంటి సంఘాలదే. ఆ తర్వాత అవీ మూతపడ్డాయి. యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్లకు, 1965లో, యూదుల క్రీడా సంఘం మక్కాబి జర్మనీలో మళ్లీ ప్రాణం పోసుకుంది. 2023 ఆగస్టులో మక్కాబి బెర్లిన్ జర్మన్ కప్పు తొలి రౌండులో వోల్ఫ్స్‌బుర్గ్‌తో ఆడి 0–6 తేడాతో ఓడింది. ఒక యూదు క్లబ్బు ఆ కప్పులో ఆడడం అదే మొదటిసారి. ఆ జట్టులో యూదులే కాదు, ముస్లింలూ క్రైస్తవులూ ఉన్నారు. 1978లో బెర్లిన్‌లోని క్రాయ్ట్స్‌బెర్గ్‌లో టర్కిష్ వలసవాసులు పెట్టుకున్న తుర్కియెమ్‌స్పోర్ క్లబ్బు కూడా ఇవాళ ఎన్నో దేశాల పిల్లలను ఆడిస్తోంది. తన ఇల్లు ఉన్నవాడే అతిథిని పిలవగలడు. సొంత క్లబ్బు నిలదొక్కుకునేలా సాయపడితే, అదే రేపు మిగతావాళ్లకు తలుపు తీస్తుంది.

1795లో జర్మన్ భాషలో రెండు రచనలు వచ్చాయి. శాశ్వత శాంతి మీద రాసిన చిన్న పుస్తకంలో ఇమ్మాన్యుయెల్ కాంట్, పరాయి నేలమీద అడుగుపెట్టినవాడిని శత్రువుగా చూడకపోవడం దయతో చేసే పని కాదని, అది వచ్చినవాడి హక్కని వాదించాడు. ఆ హక్కును ఆయన వచ్చి చూసిపోయేంత వరకే పరిమితం చేశాడన్నదీ గుర్తుంచుకోవాలి. అదే ఏడాది ఫ్రీడ్రిష్ షిల్లర్ సౌందర్య శిక్షణ మీద రాసిన లేఖల్లో, మనిషి పూర్తిగా మనిషి అయ్యేది ఆటలోనేనని తేల్చాడు. ఒకరు పరాయివాడి హక్కు చెప్పారు, మరొకరు ఆటలోని మనిషితనం చెప్పారు. కార్ల్స్‌రూహ్ న్యాయమూర్తులు ఆ రెండు ఆలోచనలనూ ఒక చోటికి తెచ్చినట్టే.

తెలుగువాళ్లకు ఈ చర్చ మరీ దూరం కాదు. 2015 తర్వాత అఫ్గాన్ యువకుల రాకతో జర్మనీలో క్రికెట్ జట్లు ఎన్నో రెట్లు పెరిగాయి. మన ఐటీ ఉద్యోగులూ, అక్కడ చదువుకునే మన పిల్లలూ వాళ్ల పక్కనే బ్యాటు పట్టి ఆడుతున్నారు. మనవాళ్లు జీతం మీదో, ఇంటి నుంచి వచ్చే డబ్బు మీదో రుసుము కట్టగలరు. పక్కన బౌలింగ్ చేస్తున్న కుర్రాడు శిబిరంలో ఉంటూ నెల భత్యంలోంచి మిగిల్చి తెచ్చుకోవాలి. ఆ తేడా తెలిసినవాళ్లు ముందుగా మాట్లాడాలి.

పిల్లలకిచ్చే సాయాలన్నిటినీ ఒకే చోట కలిపి, ఫారాల బాధ తగ్గించాలన్న బిల్లు 2023 సెప్టెంబరులో జర్మన్ మంత్రివర్గం దాటింది. 2024 నవంబరులో సంకీర్ణ ప్రభుత్వం కూలడంతో చట్టం కాలేదు. శరణు దరఖాస్తు తేలని పిల్లలను మాత్రం ఆ బిల్లు బయటే ఉంచింది. మళ్లీ రాసేటప్పుడు మూడు పనులు చేయాలి: క్లబ్బు రుసుమును దరఖాస్తు లేకుండా నేరుగా క్లబ్బుకే చెల్లించాలి, శరణార్థి పిల్లలను అందులో చేర్చాలి, కలిసిపోయారా లేదా అన్న లెక్కను పిల్లల జోలికి రానివ్వకూడదు. గౌరవానికి తగ్గింపు లేదని 2012లో చెప్పిన తీర్పు ఇప్పటికీ అమల్లోనే ఉంది.